బోరు మీద బోరు

రాత్రి పదకొండుకి మళ్లీ బోరు బండి. ఈ ఎండాకాలం మా వీధిలో ఇది మూడోది. నిద్ర లేదు సరే, పొద్దున చూస్తే మిద్దె మీద ఆరేసిన బట్టల నిండా రాతిపొడి. బోరు వేయించే ఆయన్ని అడిగితే "పక్కింటోళ్లు ఎనిమిది వందల అడుగులు దించినారు, మేము వెయ్యి దించుతాం" అంటాడు. పందెమా ఇది? అనంతపురం కింద ఉండేది గట్టి గ్రానైట్ రాయి సామీ, ఆ రాతిలో ఫ్లోరైడ్ ఉంది, లోతున నీళ్లు రాతిని ఒరుసుకుని ఎంతకాలం ఉంటే అంత కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముందు పిల్లల పళ్లకు మరకలు, ఇంకా ఎక్కువైతే ఏళ్లకి ఎముకలు బిగుసుకుపోతాయి.

ఇంకొకాయన ఉచిత సలహా: "మరగబెట్టి తాగండి, ఏం కాదు." మరగబెడితే పోయేది నీళ్లు, ఫ్లోరైడ్ కాదు! అది ఇంకా చిక్కబడుతుంది.

పోనీ క్యాను నీళ్లు తెచ్చుకుందామా? ఆ ప్లాంటోళ్లు వడగట్టగా మిగిలిన ఉప్పు నీళ్లు, ఫ్లోరైడ్‌తో సహా, పైపేసి కాలవలోకి వదులుతున్నారు. అవి ఎక్కడికి పోతాయి, చంద్రమండలానికా?

వాన నీళ్లు ఇంకడానికి గుంత తవ్వండంటే మాత్రం ఎవరికీ జాగా లేదంట. కారు పెట్టుకోడానికి ఉంది. రేపు రాత్రి నాలుగో బండి వస్తుందంట.