బోర్డు పెట్టలేని సాయం

గిడుగు వారి జయంతి సభలో మన సంఘం శ్రీకాకుళం జిల్లాలోని ఒక ప్రాథమిక పాఠశాలకి డిజిటల్ క్లాస్‌రూమ్ ప్రకటించింది. సంతోషమే. తర్వాతి కమిటీ మీటింగులో ఒక సోదరి లేచి, అందులో కొంత డబ్బు ఊళ్లో డిగ్రీ చదివిన ఆడపిల్లకి నెలనెలా ఇస్తే, సాయంత్రాలు పిల్లల చేత కథల పుస్తకాలు చదివిస్తుంది కదా అన్నారు. "దానికి దాతల పేర్లతో బోర్డు ఎక్కడ పెడతామమ్మా?" అన్నారొకరు. అందరూ నవ్వేసి తర్వాతి అంశానికి వెళ్లిపోయారు. ఆ నవ్వు నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

మనం దండ వేసింది ఎవరి ఫొటోకి? శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో వాళ్ల పిల్లలకి బడులు పెట్టారు.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. బడిలో అక్షరాలు నేర్చుకున్నా, నాకు ధారగా చదవడం వచ్చింది మాత్రం పక్కింటి అరుగుల మీదే. ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసే కొడుకుల దగ్గర్నుంచి ఉత్తరం వస్తే, చదువు రాని ముసలమ్మలు నన్ను కేకేసేవారు. "గుంటడా, ఏటి రాసేడో సదువు!" ఒక్క మాట మింగేసినా పట్టేసేవారు. డబ్బెంత పంపాడు, పండక్కి వస్తాడా లేదా అన్నచోట "మల్లీ సదువు" అని రెండేసిసార్లు చదివించేవారు. చివర్లో చేతిలో బెల్లం ముక్క. నా అసలు గురువులు వాళ్లేనని నమ్ముతాను. అయితే మా అక్క నాకంటే బాగా చదివేది, ఆమెని మాత్రం ఏ అరుగు మీదకీ ఎవరూ పిలవలేదు. ఆ రోజుల్ని తలుచుకున్నప్పుడు ఇదీ చెప్పాలి.

ఇప్పుడు ఉత్తరాలు పోయి వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లొచ్చాయి. పిల్లాడు చదివితే వినాల్సిన అవసరం ఇంట్లో ఎవరికీ లేదు. పల్లె పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వే 2024 లెక్క ప్రకారం దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి 27 మందే. టీచర్లని అనను. ఒకరిద్దరే ఐదు తరగతులూ చూసుకునే బడిలో ప్రతి పిల్లాడి పక్కనా కూర్చుని వినడం ఎవరి తరం? డిజిటల్ తెర కూడా వద్దనను. కానీ తడబడే పిల్లకి "పర్లేదు, మల్లీ సదువు" అనే మనిషి కావాలి. ఆ మనిషికి చదువు రాకపోయినా పర్వాలేదు, ఓపిగ్గా వింటే చాలు.

అందుకే అడుగుతున్నాను, ఆ సోదరి మాటని మళ్లీ చర్చకి పెట్టండి. ఒక్క ఊళ్లో ఒక్క ఏడాది చేసి చూద్దాం. రామమందిరం అరుగు చాలు, గది కట్టక్కర్లేదు. పుస్తకాలు చిరిగితే చిరగనీండి, బీరువాలో మాత్రం పెట్టొద్దు. సవర ఊరైతే సవర భాష వచ్చిన అమ్మాయినే పెట్టాలి. ఇక మనమంతా ఆదివారం వీడియో కాల్‌లో మేనల్లుళ్లని, మేనకోడళ్లని మార్కులు అడగడం మాని ఒక పేజీ చదివించుకుందాం. తప్పు చదివితే వెంటనే దిద్దకుండా, వాక్యం పూర్తయ్యేదాకా ఆగుదాం.

మొదటి ఊరికి ఏడాది జీతం నేనిస్తాను. బోర్డు అక్కర్లేదు. ఏ ఊరో మీరు చెప్పండి.