21 రోజుల ఛాలెంజులు మానేసి మూడు బకెట్లు తెచ్చుకోండి

జనవరి ఒకటికి ఒకసారి, జూన్ 5 పర్యావరణ దినోత్సవానికి ఇంకోసారి, టైమ్‌లైన్ నిండా ఇదే గోల. "21 రోజుల గ్రీన్ ఛాలెంజ్", "30 రోజుల జీరో వేస్ట్". తెల్లారగట్ల లేవడం, ధ్యానం, వెదురు బ్రష్, స్టీలు స్ట్రా, ప్లాస్టిక్ బంద్, ఏసీ బంద్, మాంసం బంద్. పది తీర్మానాలు ఒకే రోజు మొదలవుతాయి, రెండో వారానికి పదికి పదీ చడీచప్పుడు లేకుండా ఆగిపోతాయి. ఆ పైన "నాకు పట్టుదల లేదు" అని తమను తామే తిట్టుకోవడం. పట్టుదల సంగతి అలా ఉంచండి, అసలు ఛాలెంజ్ కట్టిన తీరే తప్పు.

ఆ 21 అనే అంకె ఎక్కడిదో తెలుసా? 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ తన పుస్తకంలో, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం ఓ 21 రోజులు పడుతోందని రాసుకొచ్చాడు. అంతే. దాన్ని పట్టుకుని వ్యాయామం నుంచి చెత్త దాకా అన్నిటికీ అతికించేశారు. పద్ధతిగా కొలిచి చూసింది లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు. 96 మందితో చేసిన ఆ అధ్యయనం 2009లో వచ్చింది. రోజూ ఒక చిన్న పని చేస్తూ పోతే అది ఆలోచించకుండా చేతికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన కొంప మునగదని కూడా అందులోనే తేలింది. ఒక్క రోజు తప్పితే మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టమనే ఛాలెంజులన్నీ ఈ ఒక్క ముక్కతోనే చిత్తయిపోవాలి.

కాబట్టి నా మాట ఇది. ఒకే పని, 66 రోజులు. ఆ పని: వంటింటి తడి చెత్త గడప దాటకూడదు, ఇంట్లోనే బకెట్‌లో మగ్గి ఎరువు కావాలి.

ఇదే ఎందుకంటే, రోజూ తప్పకుండా ఎదురయ్యే పని ఇదొక్కటే. గుడ్డ సంచి బజారుకెళ్లిన రోజే గుర్తొస్తుంది. (సంచుల మాట వచ్చింది కాబట్టి: ఇంగ్లండ్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ 2011లో వేసిన లెక్కలో, ఒక నూలు సంచిని 131 సార్లు వాడితే తప్ప వాతావరణం మీద పడే భారంలో ఒక్కసారి వాడి పారేసే పలచటి ప్లాస్టిక్ సంచికి సాటి రాదని తేలింది. ఇంట్లో పెళ్లిళ్లకీ పేరంటాలకీ ఇచ్చిన సంచులు ఇరవై మూలుగుతుండగా "ఎకో కిట్" ఆర్డర్ పెట్టేవాళ్లను ఏమనాలి?) తడి చెత్త అలా కాదు. మీరు మరిచిపోయినా అది మిమ్మల్ని మరిచిపోదు, మర్నాటికి వాసనొచ్చి పిలుస్తుంది.

పైగా దీని ఫలితం ఇంటి బయట కూడా కనిపిస్తుంది. తడీ పొడీ కలిసి ఒకే బుట్టలో పడితే పులుసులో నానిన పేపరును, మజ్జిగ అంటిన అట్టపెట్టెను ఏ పాత సామాన్లవాడూ తీసుకోడు. తడి చెత్త హైదరాబాద్ శివారు జవహర్‌నగర్ లాంటి చెత్త గుట్టల అడుగున గాలాడక కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది బొగ్గుపులుసు వాయువు కంటే 27, 28 రెట్లు వేడెక్కించే వాయువు. అదే తొక్కలు గాలి ఆడేచోట మగ్గితే మట్టవుతాయి. తేడా అంతా గాలిదే. కింద చెప్పేదంతా ఆ గాలి కోసమే.

రోజుకు అర కిలో నుంచి ముప్పావు కిలో తొక్కలొచ్చే ఇంటికి 20 లీటర్ల పాత పెయింట్ బకెట్లు మూడు చాలు. కిలో దాటితే 40 లీటర్ల డ్రమ్ములు చూసుకోండి. మొదట శుభ్రంగా కడిగి, చుట్టూ నాలుగేసి అంగుళాల దూరంలో 8 మిల్లీమీటర్ల చిల్లులు రెండు మూడు వరసలు, అడుగున ఆరు చిల్లులు వేయాలి. డ్రిల్ లేకపోతే మేకు కాల్చి పొడవండి, కిటికీ దగ్గరే చేయండి, ఆ పొగ మంచిది కాదు. చిల్లుల మీద లోపలి వైపు దోమతెర ముక్క అంటించకపోతే ఈగలు వస్తాయి. బకెట్ రెండు ఇటుకల మీద నిలబడాలి, కింద పళ్లెం ఉండాలి.

అడుగున మూడంగుళాల మందాన కొబ్బరి పీచు గానీ ఎండుటాకులు గానీ పరవండి. ఆ పైన రోజూ ఒక గిన్నె తడికి అదే గిన్నెతో ఒకటి నుంచి రెండు గిన్నెల పొడి. నలిపిన ఎండుటాకులు, పొడిగా చిదిపిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), రంపపు పొట్టు, చింపిన న్యూస్‌పేపరు, ఏదైనా సరే. ప్లైవుడ్ కోసిన పొట్టు మాత్రం వద్దు, అందులో జిగురు రసాయనాలుంటాయి. సూక్ష్మజీవులకు కర్బనం 25 నుంచి 30 పాళ్లుంటే నత్రజని ఒక పాలు ఉండాలి. కూరగాయల తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. పొడి వేయడం అంటే ఈ లెక్క సరిచేయడమే. మొదటిరోజు తోడు వేసినట్టు ఒక గుప్పెడు పాత ఎరువో, పిడికెడు పేడో, నీళ్లు కలిపిన పుల్లమజ్జిగ గ్లాసుడో వేస్తే పని త్వరగా అందుకుంటుంది. వేలెడంత కంటే పెద్ద ముక్కలుంటే కోయండి. రెండు మూడు రోజులకోసారి అడుగుదాకా కలపండి. ఇవన్నీ కలిపి రోజుకు నాలుగు నిమిషాల పని.

ఏం వేయకూడదు? ఎముకలు, చేపల వ్యర్థాలు, పాలు, పెరుగు (మొదటిరోజు తోడుకు వేసే మజ్జిగ తప్ప), నూనె తేలే కూరలు, పచ్చడి మిగుళ్లు. ఉప్పూ నూనే రెండూ సూక్ష్మజీవులను ఇబ్బంది పెడతాయి. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు ఏడాదైనా అలాగే ఉంటాయి. ములక్కాడ పిప్పి పర్లేదు, మెల్లగా మగ్గుతుంది. టీ పొడి పాలతో కాచింది అయితే ఒకసారి కడిగి వేయండి. ఆపిల్ మీది స్టిక్కర్ తీసేయండి, అది ప్లాస్టిక్. దేవుడి పూలు, చవితి పత్రి, బతుకమ్మ గునుగు, తంగేడు అన్నీ బంగారమే, కానీ దండ దారం తెంపి తీయాలి. నైలాన్ దారం కలిపే కర్రకు చుట్టుకుని ప్రాణం తీస్తుంది.

ఇక తప్పులు. నూటికి తొంభై ఫిర్యాదులు ఒకటే: వాసన. కుళ్లిన గుడ్డు వాసనొస్తే తడి ఎక్కువై గాలి ఆగిపోయిందని. పిడికెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల మధ్య ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే రెండు గిన్నెల పొడి వేసి కలిపి, ఆ రోజు తడి వేయడం మానండి. చుక్క కూడా రాకుండా పొడిపొడిగా రాలితే, చీమలు పట్టి ఉంటే, నీళ్లు చిలకరించండి. అమోనియా ఘాటు వస్తే పొడి తక్కువైంది. తెల్ల బూజు పడితే పారేయకండి, మంచి పని చేసే బూజు అది. అరటి తొక్కల మీద చిన్న ఈగలు ముసిరితే పైన అంగుళం మందం పొడి కప్పలేదన్నమాట. బూడిద రంగులో గట్టిగా కదిలే పురుగులు కనబడగానే కెవ్వుమని బకెట్ అవతల పారేసేవాళ్లు చాలామంది. అవి సాధారణంగా బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగులు, కరవవు, రోగం తేవు, తొక్కలను మీకంటే వేగంగా ఖాళీ చేస్తాయి. చూడలేకపోతే పొడి పెంచండి, తగ్గుతాయి.

ఒక బకెట్ నిండటానికి దాదాపు మూడు వారాలు. నిండగానే మూతపెట్టి పక్కన పెట్టి, వారానికోసారి మాత్రం కలుపుతూ రెండోదానికి వెళ్లండి. మూడోది నిండేసరికి, అంటే ఇంచుమించు ఆ 66 రోజులకి, మొదటిది నల్లగా, వానకు తడిసిన మట్టి వాసనతో తయారై ఉంటుంది. 30 రోజుల ఛాలెంజ్ పెట్టుకున్నవాడు సరిగ్గా సగం మగ్గిన ముద్దను చూసి "ఇది పనిచేయదు" అని తీర్పిస్తాడు. తయారైందో లేదో అనుమానమైతే దాన్లో సగం మట్టి కలిపి పది మెంతులు చల్లండి. మూడు నాలుగు రోజుల్లో ఎనిమిదైనా మొలిస్తే సరే. లేకపోతే ఇంకో రెండు వారాలు ఆగండి. చిన్న బకెట్లు పెద్దగా వేడెక్కవు కాబట్టి టమాటా గింజలు చావవు, కుండీలో నారు లేస్తే కంగారు పడొద్దు. కుండీకి మూడు పాళ్ల మట్టికి ఒక పాలు ఎరువు చాలు.

ధ్యానం, ఎరుక అంటూ యాప్‌లకు డబ్బు కట్టేవాళ్లకు ఒక సలహా. తడి గిన్నెను బకెట్‌లో వేసేముందు వంటింటి కాటా మీద పెట్టి, గోడ క్యాలెండర్‌లో తిథి పక్కన గ్రాములు రాయండి. పారేసిన అన్నం, కూర ఉంటే అదీ విడిగా రాయండి. ఆదివారం రాత్రి ఆ గడులు ఒకసారి చూస్తే ఏ రోజు బియ్యం ఎక్కువ పోస్తున్నారో, ఏ కొత్తిమీర కట్ట ప్రతిసారీ ఫ్రిజ్‌లో నల్లబడుతోందో తెలిసిపోతుంది. సోలెడు బియ్యంలో గుప్పెడు తగ్గుతుంది. బీరపొట్టు బకెట్‌కి కాకుండా పచ్చడికి వెళ్తుంది. కుడితి తొట్టి, దాని వెనక గేదె ఉన్న ఇళ్లలో ఈ లెక్క అక్కర్లేకపోయింది. ఫ్లాట్లలో గేదె లేదు, కాటా ఉంది.

ఇప్పుడు చాలామందికి నచ్చని మాట. ఛాలెంజ్ ప్రకటించేది భర్త, ఫొటో పెట్టేది భర్త, తొక్కలు తరిగి, పొడి వేసి, బకెట్ కలిపేది భార్య, లేదంటే పనికొచ్చే ఆవిడ. ఇలాంటిది నాలుగు వారాలు నిలవకపోతే ఆశ్చర్యమేముంది? అలవాటు పడేది పని చేసేవాళ్లకు, చెప్పేవాళ్లకు కాదు. పోస్ట్ పెట్టినవాడే బకెట్ కలపాలి. పని ఏ సమయంలో చేస్తారో కూడా ముందే కట్టేసుకోవాలి. "వీలైనప్పుడు" అంటే కుదరదు, రాత్రి స్టవ్ తుడిచిన వెంటనే అనుకోండి. ఆకుల సంచి బకెట్‌కు ఆనుకునే ఉండాలి. సంచి టెర్రస్ మీద, బకెట్ బాల్కనీలో ఉంటే మూడో రోజునుంచి పొడి వేయడం ఆగుతుంది, ఆరో రోజు వాసనొస్తుంది, ఏడో రోజు ఛాలెంజ్ అయిపోతుంది.

సంక్రాంతికి ఊరెళ్తే? వెళ్లేముందు రెండంగుళాల పొడి కప్పి, మూత పెట్టి హాయిగా వెళ్లండి. వారం రోజులకు ఏమీ కాదు.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా ముఖ్యమే, ఎవరూ చెప్పరు. వానాకాలంలో ఎండుటాకు దొరకదు, దొరికినా తడిసి ఉంటుంది. వేప, కానుగ ఆకులు రాల్చేది ఫిబ్రవరి, మార్చిలో. అప్పుడు రోడ్డు ఊడ్చేవాళ్లు కుప్ప పోసి నిప్పు పెట్టకముందే అడిగి రెండు మూడు గోనె సంచులు నింపుకుంటే ఏడాది గడుస్తుంది. బాదం ఆకైతే నలిపి నింపండి, లేకపోతే సంచి ఊరికే నిండుతుంది.

కిట్ లింక్ పెట్టమని అడగొద్దు, లింక్ లేదు. ఏ పెయింటర్నడిగినా ఖాళీ బకెట్లిస్తాడు. అపార్ట్‌మెంట్ వాళ్లకు మాత్రం ఒక్కటి: బకెట్ కింది పళ్లెంలోకి నల్లటి ఊట దిగితే ఒకటికి పది పాళ్ల నీళ్లు కలిపి కుండీలకు పోయండి, పళ్లెం రోజూ చూడండి. ఊట కింది ఫ్లోర్ వాళ్లు ఆరేసుకున్న బట్టల మీద పడిందంటే మర్నాడు అసోసియేషన్ గ్రూపులో మీ పేరే ఉంటుంది, బకెట్లు సాయంత్రానికి గేటు బయట ఉంటాయి.