కృత్తికలా, బవేరియా జెండానా: ఒక వాహన ధర్మసందేహం

తెలుగువాడికి కలిగే ధర్మసందేహాలలో అధికభాగానికి పెద్దలు ముందే సమాధానాలు రాసిపెట్టి వెళ్ళారు. మంగళవారం గోళ్ళు తీయవచ్చునా, ఆషాఢంలో ఇల్లు మారవచ్చునా, బల్లి ఎడమ భుజం మీద పడితే ఏమవుతుంది వంటి చిక్కుప్రశ్నలకు ఏ పంచాంగం తిరగేసినా జవాబు దొరుకుతుంది. కాని 2004వ సంవత్సరంలో, న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్‌లో రెండు గదుల అపార్ట్‌మెంటులో ఉంటూ, తన గ్రీన్‌కార్డు దరఖాస్తు ఏ మెట్టు మీద ఆగి ఉన్నదో లాయరుకు కూడా తెలియని స్థితిలో కాలం గడుపుతున్న ఒక తెనాలి వాస్తవ్యుడు, బీఎండబ్ల్యూ 330ఐ అనే జర్మను కారు కొనవలెనా లేక సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ అనే జపాను కారు కొనవలెనా అన్న ప్రశ్న వేసినప్పుడు ఏ శాస్త్రమూ నోరు విప్పలేదు. ఆ వాస్తవ్యుడు నా మిత్రుడు. ఆ మౌనం వల్ల నష్టపోయిన శనివారాలు మాత్రం నావి.

సమస్య మూలం ధరలోనే ఉన్నది. ఒకటి లక్ష డాలర్లు, మరొకటి పది వేలు అయి ఉంటే దారిద్ర్యమే తీర్పు చెప్పి ఉండేది. అప్పట్లో మొదటిది సుమారు 35 వేల డాలర్లు, రెండవది 31 వేల పైచిలుకు. ఈ నాలుగు వేల తేడా నెలవాయిదాలలో కలిసిపోయి కనిపించకుండా పోతుందని బ్యాంకువారే దయతో వివరించడంతో, మిత్రుడికి స్వేచ్ఛ అనే విపత్తు వచ్చిపడింది. స్వేచ్ఛ ఉన్న తెలుగు ఇంజనీరు చేసే మొదటి పని ఎక్సెల్ షీటు తెరవడం. ఆయన తెరిచాడు.

ఆ షీటులోని ఎడమ నిలువు వరుస ప్రకారం బీఎండబ్ల్యూలో ఆరు సిలిండర్లు తద్దినానికి కూర్చున్న భోక్తల్లాగా ఒకే వరుసలో ఉంటాయి. మూడు లీటర్ల ఇంజను, 225 గుర్రాల శక్తి, టర్బో వంటి పైసహాయం ఏదీ లేదు. ఆరు సిలిండర్లను ఇలా వరుసగా నిలబెడితే ఒకదాని కుదుపును మరొకటి మింగేస్తుంది కనుక ఇంజను తిరుగుతున్నదో లేదో తెలుసుకోవడానికి డయలు చూడవలసి వస్తుంది. బండి బరువు ముందు సగం, వెనక సగం అన్నంత సమంగా పంచి ఉంటుంది; ఇద్దరు కోడళ్ళకు నగలు పంచిన ఏ అత్తగారికీ నేటివరకు సాధ్యపడని పంపకం అది. శక్తి అంతా వెనక చక్రాలకు వెళుతుంది, ముందు చక్రాలు దారి చూసుకుంటాయి.

కుడి నిలువు వరుసలోని సుబారులో నాలుగే సిలిండర్లు, అవి కూడా నిలబడవు. ఇటు రెండు, అటు రెండు, కాళ్ళు ఎదురెదురుగా పెట్టుకొని పడుకొని ఉంటాయి. రెండున్నర లీటర్లే అయినా 300 గుర్రాలు. ఈ అదనపు గుర్రాలు ఎక్కడివని అడిగిన మా శనివారపు స్నేహితుల సభకు మిత్రుడు టర్బో తత్త్వాన్ని బోధించాడు. మన వంటిళ్ళలో పొయ్యి రాజుకోవడానికి అమ్మ ఊదుగొట్టం పట్టుకొని ఊదేది కదా, ఆ ఊదే పనిని పొయ్యి తన పొగచేతనే చేయించుకుంటే అది టర్బో. బయటికి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీది రెండో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది, గాలి పెరిగిన కొద్దీ పెట్రోలు పెంచి మంట పెంచవచ్చు. ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ అనే స్విట్జర్లాండు ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఇందులో ఒక్కటే ఇబ్బంది ఉన్నదని గిట్టనివారు అంటారు: యాక్సిలరేటరు తొక్కిన తరువాత పొగ చేరి, చక్రం వేగం పుంజుకొని, గాలి బిగిసేలోగా ఒక చిన్న విరామం వస్తుంది. నా దృష్టిలో ఇది లోపం కాదు. తాను చేయబోతున్న పని అవసరమా అని పునరాలోచించుకోవడానికి డ్రైవరుకు కల్పించిన సదుపాయం. బీఎండబ్ల్యూలో ఈ సదుపాయం లేదు.

ఇక వంశవృక్షం. పిల్లనిచ్చేటప్పుడు ఏడు తరాలు చూస్తాము గనుక కారు విషయంలో కనీసం రెండైనా చూడాలని సభ తీర్మానించింది. సుబారు పుట్టింది ర్యాలీ పోటీల, అంటే అడవిదారుల్లో, మట్టిబాటల్లో సాగే కారు పందాల, బురదలో. అప్పటి గ్రూప్ ఏ అనే పోటీ తరగతి నిబంధన ప్రకారం, ఏ కారుతో పోటీకి దిగాలనుకుంటే ఆ రకం కార్లు కనీసం కొన్ని వేలు, మొదట 5,000, తరువాత 2,500, మామూలు జనం కోసం తయారు చేసి తీరాలి. అంటే షోరూములో మన ముందు నిలబెట్టిన కారు నిజానికి ఎక్కడో ఫిన్లాండు అడవిలో ఎవరో గెలవడం కోసం దాఖలు చేసిన ధ్రువపత్రం. దాని వాయిదాలు మాత్రం మనం కడతాము. ఆ ధ్రువపత్రాల పుణ్యమా అని 1995లో కోలిన్ మెక్‌రే సుబారులో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1997 నుంచి సుబారు కొత్త నిబంధనల కిందికి మారిపోవడంతో ఇన్నేసి వేల ధ్రువపత్రాల అవసరం తీరిపోయింది. 2001లో రిచర్డ్ బర్న్స్, 2003లో పెటర్ సోల్‌బర్గ్ గెలిచిన కార్లకు, షోరూము కారుకు మిగిలింది దూరపు చుట్టరికమే. అయినా చుట్టరికం చెప్పుకోవడానికి మనకు దూరం ఎప్పుడు అడ్డువచ్చింది?

బీఎండబ్ల్యూ వంశం మర్యాదస్తులదని, అందులో ఇటువంటి బురదవ్యవహారాలు లేవని ఎడమ వరుస పక్షంవారు వాదించారు. కాని ఆ ఇంటిలోని ఎం3 అనే పెద్దబిడ్డ కూడా 1986లో ఇదే గ్రూప్ ఏ నిబంధన కోసం పుట్టినదే. సర్క్యూట్ పందాల కోసం పుట్టిన ఆ కారు 1987లో దారితప్పి కోర్సికా ద్వీపంలో ప్రపంచ ర్యాలీ ఒకటి గెలుచుకుని వచ్చింది కూడా. ప్రతి పెద్దింటిలోనూ నాటకాల కంపెనీతో వెళ్ళిపోయిన బాబాయి ఒకరు ఉంటారు, ఫోటో మాత్రం హాలులో పెట్టరు.

రంగు విషయంలో సభ చాలాసేపు భావోద్వేగానికి లోనైంది. సుబారుకు ప్రసిద్ధి తెచ్చిన నీలివన్నె, పసుపు అంకెలు 1990లలో ర్యాలీ కారును పోషించిన 555 సిగరెట్టువి. మా తరంవారి ఇళ్ళలో, సింగపూరు నుంచో దుబాయి నుంచో మేనమామ వస్తే తెచ్చే ట్రిపుల్ ఫైవ్ డబ్బా ఖాళీ అయిన తరువాత కూడా పదేళ్ళు అలమారలో ఉండేది, అందులో గుండీలు దాచేవారు. సిగరెట్టు పేరు తరువాత కారు మీద నుంచి తొలగిపోయింది, నీలిరంగూ బంగారు చక్రాలూ మాత్రం ఆచారంగా మిగిలాయి. మిత్రుడు ఆ కారును చూసినప్పుడు కళ్ళు చెమ్మగిల్లడానికి కారణం మెక్‌రే కాదని, మేనమామేనని నాకు ఆనాడే అనుమానం.

సరిగ్గా ఈ దశలో మిత్రుడి తల్లిగారు ఆరు నెలల విజిటర్ వీసా మీద తెనాలి నుంచి దిగారు. మొదట సుబారు షోరూముకు తీసుకువెళ్ళాము. ఆవిడ కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, డిక్కీ మీద నిలువెత్తున లేచిన రెక్క దగ్గర ఆగి, "ఈ బల్ల దేనికిరా, వడియాలు పెట్టుకోవడానికా?" అని అడిగారు. వేగంలో అది కారును నేలకు అదిమి పట్టుకుంటుందని కొడుకు చెప్పగా, "నెమ్మదిగా పోతే అక్కర్లేదు కదా" అన్నారు. ఇంజను స్టార్టు చేసినప్పుడు మాత్రం ఆవిడ ముఖం విప్పారింది. ఆ దడదడ అచ్చం తమ పొలంలోని ఆయిల్ ఇంజను చప్పుడేనట. పొడవు సమంగా లేని గొట్టాల గుండా పొగ పోవడం వల్ల ఆ చప్పుడు వస్తుందని మిత్రుడు వివరించబోతే, "మనదీ అంతేగా, మీ నాన్న ఎన్నిసార్లు చెప్పినా గొట్టం మార్పించలేదు" అన్నారు.

బీఎండబ్ల్యూ షోరూములో కాఫీ ఇచ్చారు. ఆవిడ తోలు సీటులో కూర్చుని, తలుపు మూసుకునే శబ్దం రెండుసార్లు విని, "బీరువాలాగా ఉంది" అన్నారు. ఇంతకు మించిన ప్రశంస కృష్ణా డెల్టాలో లేదు. బానెట్ మీది గుండ్రటి గుర్తు తిరిగే విమానపు రెక్క అని అక్కడి కుర్రవాడు చెప్పాడు. లోకమంతా అలాగే చెబుతుంది. అది బవేరియా జెండాలోని నీలం, తెలుపు రంగులే. అసలీ కంపెనీ మొదట విమానాల ఇంజన్లు చేసినది కావడంతో ఆ కథ అతుక్కుపోయింది.

తిరుగు ప్రయాణంలో నేను చేసిన ఒక తప్పు ఈ చరిత్రను మలుపు తిప్పింది. సుబారు అన్నది జపాను భాషలో కృత్తికా నక్షత్రానికి పేరని, ఆ గుర్తులోని ఆరు చుక్కలు అవేనని మాటల సందర్భంలో అన్నాను. వెనక సీటులో నిశ్శబ్దం ఆవరించింది. "వీడిది కృత్తిక రెండో పాదం బాబూ" అన్నారు ఆవిడ మెల్లగా. తరువాత వాదం తనంతట తానే నడిచింది. కృత్తికలు ఆరుగురూ పాలిచ్చి పెంచినది కుమారస్వామిని, కుమారస్వామి దేవతల సేనాని, సేనానికి ఫోర్ వీల్ డ్రైవ్ ఉండడం సమంజసం. కృత్తికకు అధిదేవత అగ్ని, టర్బో నడిచేది ఆ అగ్ని పొగతోనే. వాహనపూజ కోణం నుంచి కూడా పరిశీలించాము: బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడిలో నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెడితే, బీఎండబ్ల్యూలో వెనక రెండు చక్రాలే స్వశక్తితో తొక్కుతాయి, ముందు రెండూ వాటి ఊపులో తొక్కించుకుంటాయి. సుబారులో నాలుగూ స్వయంగా తొక్కుతాయి, పైగా ముందు నిమ్మకాయలకు 35 పాళ్ళు, వెనక నిమ్మకాయలకు 65 పాళ్ళు శక్తి అన్న పంపకాన్ని సీట్ల మధ్యనున్న చిన్న చక్రంతో డ్రైవరే మార్చుకోవచ్చు. ఇంతటి సంపూర్ణమైన నిమ్మకాయ విధానం మరొక కారులో ఉన్నట్టు నేను ఎరుగను.

ఒక్క ఆటంకం వచ్చింది. ఆ ఏడాది ఎస్‌టీఐకి బరువు తగ్గించే నిమిత్తం రేడియో ఇవ్వలేదు. టర్బో గాలిని చల్లార్చే పలకల మీద నీళ్ళు చిలకరించడానికి మాత్రం ప్రత్యేకంగా ఒక మీట ఇచ్చారు. "కారుకు పన్నీరు చిలకరిస్తారు గాని, మనిషి సుప్రభాతం వినడానికి లేదా?" అన్న తల్లిగారి ప్రశ్నకు జపానులో ఏ ఇంజనీరూ సమాధానం సిద్ధం చేసుకొని ఉండడు. రేడియో విడిగా కొని బిగిస్తామని హామీ ఇచ్చాము.

నా సొంత అభిప్రాయం ఎవరూ అడగలేదు గనుక ఇక్కడ చెబుతాను. ఈ తగవులో గుర్రాలు, సిలిండర్లు అన్నీ సాక్షులే, కక్షిదారులు కావు. బీఎండబ్ల్యూ కొనేది కార్ల గురించి ఏమీ తెలియనివారు చూడడానికి: మేనేజరు, వియ్యంకుడు, పెళ్ళిసంబంధాలు చూసే పేరయ్య. సుబారు కొనేది కార్ల గురించి తెలిసినవారు చూడడానికి. తెలిసినవారు అంటే ఆచరణలో పదిహేడేళ్ళ కుర్రవాళ్ళు, ఇన్సూరెన్సు వారు, హైవే పోలీసులు. గౌరవం పెద్ద గుంపు నుంచి కావాలా, చిన్న గుంపు నుంచి కావాలా అన్నదే ప్రశ్న. నేలమీద మాత్రం రెండింటి గతి ఒక్కటే: అరవై మైళ్ళ వేగం అందుకోవడానికి ఒకదానికి సుమారు 5 సెకన్లు, మరొకదానికి 6 సెకన్ల పైచిలుకు పడితే పట్టనీ, న్యూజెర్సీలో ఎక్కడా 65 మైళ్ళకు మించి అనుమతి లేదు. మిత్రుడి నిత్యప్రయాణమా, మెట్రోపార్క్ రైలు స్టేషను దాకా ఐదు మైళ్ళు. అక్కడి పార్కింగులో కారు పది గంటలు నిలబడుతుంది, ఆయన న్యూయార్కు రైలులో మరో పది మందితో పాటు నిలబడతాడు.

నేటి యువకులకు ఈ వేదన అర్థం కాదు. 330ఐ నేటి తమ్ముడు టర్బో పెట్టుకున్నాడు. ఎస్‌టీఐ 2021తో ఆగిపోయింది, దాని దాయాది మిత్సుబిషి ఎవల్యూషన్ అంతకు ముందే సెలవు తీసుకున్నది. పూర్వపక్షాన్ని సిద్ధాంతం మింగి త్రేన్చింది. ఇప్పుడు వారు బ్యాటరీ గురించి మాట్లాడుకుంటున్నారు.

మిత్రుడు నీలి సుబారే కొన్నాడు. బంగారు చక్రాలు, విడిగా బిగించిన రేడియో, అద్దానికి వేలాడే కుమారస్వామి. 2005 జనవరిలో ఒక తెల్లవారుజామున మోకాలెత్తు మంచు కురిసింది. నాకు ఫోను వచ్చింది. ఆ కారుతో వచ్చేవి వేసవి టైర్లని, చలిలో అవి గట్టిపడి మంచు మీద పట్టు వదిలేస్తాయని, శీతాకాలపు టైర్లు వేరే కొనుక్కోవాలని షీటులోని 41వ అడ్డువరుసలో తానే రాసుకొని, 31 వేలు పెట్టిన తరువాత ఇంకా టైర్లేమిటని దాన్ని దాచేశానని మిత్రుడు ఒప్పుకున్నాడు. ప్రపంచ ర్యాలీ విజేతల వారసుడు రెక్క మీద అడుగు మందాన మంచుతో అపార్ట్‌మెంటు పార్కింగులో నిలబడి ఉండగా, నేను నా ఏడేళ్ళ నాటి టయోటా కామ్రీలో మిత్రుణ్ణి ఎక్కించుకొని స్టేషనుకు బయలుదేరాను. దారి పొడవునా ఆయన మాట్లాడలేదు. దిగేముందు డాష్‌బోర్డు మీద చేయి వేసి ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఇది ముందు చక్రాలతోనే నడుస్తుంది కదూ?"