గుంపులో ఏ ముఖానికి ఆ ముఖమే

మారియో మిరాండా గీసిన ముంబయి బొమ్మల ప్రదర్శన మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం బాగుంది. కానీ ఆయనను ‘నవ్వించే కార్టూనిస్టు’ అని తేల్చేయడం నాకు నచ్చలేదు. ముంబయి కొలాబాలోని కెఫే మోండెగార్ గోడల మీద ఆయన బొమ్మలు చూడండి: అంత జనంలోనూ ఏ ముఖానికి ఆ ముఖమే. పారిస్, న్యూయార్క్, జెరూసలేం కూడా గీశారు. 2011లో పోయాక, మరుసటి ఏడు పద్మవిభూషణ్ ఇచ్చారు (మన అలవాటే అది).

మా తిరుపతికీ అలాంటి చెయ్యి ఒకటి కావాలి. గోవిందరాజస్వామి గుడి గోపురం ఫోటోలు కోకొల్లలు. ఆ గోపురం కింద గుండ్లతో నిలబడ్డ కుటుంబాన్ని ఎవరు గీస్తారు? తండ్రి నెత్తి మీద గంధం ఎండి పెచ్చులు కడుతుంటే, చంకలోని పిల్ల గోటితో గీకుతుంటుంది. పక్కన ఆటో అతను బేరం తెగక ఆకాశం వైపు చూస్తుంటాడు. చంద్రగిరి రాజమహల్ మ్యూజియంలో పాత శిల్పాలున్నాయి, సంతోషమే. నేటి వీధికి మాత్రం ఎక్కడా గోడ దొరకలేదు.

సంపాదకులకు ఒక విన్నపం: బొమ్మలు కాస్త పెద్దవిగా వేయండి. మారియో గీసిన గుంపును తపాలా బిళ్లంత చేసి చూపిస్తే ఏం కనబడుతుంది?