అష్టభోగాల వారికి ఒక పట్టాదారు రాయునది

మహారాజశ్రీ అష్టభోగాల వారికి, కర్నూలు జిల్లా తుగ్గలి మండలం నుంచి అయిదెకరాల పట్టాదారు నమస్కరించి రాయునది ఏమనగా: పైన మేమంతా క్షేమం. కింద ఎవరు క్షేమమో తెలియకే ఈ జాబు.

తమరిని మొదట మా జేజినాయన కొన్న చేని దస్తావేజులో చూశాను. తూర్పున వంక, పడమర బండ్లబాట, మిగతా రెండు దిక్కులా దాయాదులు. హద్దులు అయిపోగానే, భూమితో పాటు కొన్నవాడికి దక్కే ఎనిమిది హక్కులుగా తమరి ఊరేగింపు: నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణి, ఆగామి, సిద్ధ, సాధ్యములు. ఆ ముక్క చదివించుకున్నప్పుడల్లా జేజినాయన చెయ్యి మీసం మీదికి పోయేదట. పాతాళం దాకా కొన్నానని ఆయన ధీమా. నాలుగు దిక్కులకూ హద్దు రాసిన లేఖరి కింది హద్దు రాయలేదు కదా మరి!

ఒక్కొక్కరినే పలకరిస్తాను, కోపగించుకోకండి. నిధి గారూ, తమరిని తెల్లదొరలు 1878లోనే పట్టుకున్నారు. భూమిలో దాచిన సొత్తు పది రూపాయల విలువ దాటి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని చట్టం. పది రూపాయలంటే మా బస్టాండులో ఒక టీ. జలం గారూ, కొత్త బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. పాషాణం గారూ, సొంత చేలోని బండరాయి పగలగొట్టి అమ్ముకోవాలన్నా పర్మిట్, సర్కారుకు సీనరేజి రుసుము. సిద్ధ, సాధ్యులను, అంటే చేతికొచ్చిన ఫలసాయాన్నీ రాబోయేదాన్నీ, ఏమీ అనను, వానను నమ్ముకున్న బుడ్డల (వేరుశనగ) పంటకు వాళ్లు మాత్రం ఏం చేస్తారు!

అసలు రగడ వజ్రంతో. తొలకరి పడి ఎర్రమట్టి కొట్టుకుపోతే చాలు, జొన్నగిరి చుట్టుపక్కల చేలల్లోకి ఎక్కడెక్కడి నుంచో జనం దిగుతారు. చెట్ల కింద వంట, చేలో వెతుకులాట. నేను విత్తనం వేసుకోవడానికి వాళ్లను పక్కకు జరగమని బతిమాలాలి. దొరికిన రాయి నా చేతికి రాకముందే వ్యాపారి గుడ్డసంచిలోకి పోతుంది. పోనీ, నేనే పద్ధతిగా తవ్వుకుందామంటే గని లీజు కావాలి. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణ తర్వాత వజ్రాల గని లీజు వేలంలో పాడుకోవాలి. నా చేని కింది రాయికి నేను పాట పాడాలి స్వామీ! ఎదురుగా కూచున్న కంపెనీ వాడు ఏ శ్రుతిలో ఎత్తుకుంటాడో!

ఇంతకీ అది నాదేనా? 2013లో కేరళ భూయజమానుల కేసులో సుప్రీంకోర్టు, చట్టబద్ధంగా తీసేసుకుంటే తప్ప, కింది ఖనిజం మామూలుగా పైభూమి యజమానిదేనని చెప్పింది. చదివి ఎగిరి గంతేశాను. తర్వాత మా వకీలు నిదానంగా చెప్పాడు: సొత్తు నీదైనా, తవ్వకం 1957 గనుల చట్టం ప్రకారమేనయ్యా. అంటే గాదె నాది, తాళంచెవి గనుల శాఖది.

ఆ చట్టంలో 24ఏ సెక్షన్ అని ఒకటుంది. లీజుదారు నా చేలోకి రావచ్చు, తవ్వవచ్చు. నష్టపరిహారం మాత్రం ఇవ్వాలి, అదెంతో సర్కారు తేలుస్తుంది. ఇంట్లోకో, ఇంటిని ఆనుకున్న ప్రహరీ లోపలి పెరట్లోకో నా ఒప్పుదల లేకుండా రావాలంటే మాత్రం ఏడు రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలట. ఆ మర్యాద చూసి కళ్లు చెమర్చాయి. మా వియ్యంకుడు కూడా ఇంతవరకు ఏడు రోజుల ముందు చెప్పి రాలేదు.

అన్నట్టు, ఆ చట్టంలో నా పేరు పట్టాదారు కాదు. ‘ఉపరితలంలో ఉన్నవాడు’! ఎనిమిది భోగాల వారసుణ్ని, చివరికి పైపొర మీద పాకేవాణ్ని అయ్యాను. తమరి నుంచి కోరేది ఒక్కటే. ఇకమీదట ఎవరి దస్తావేజులోకి వచ్చినా ‘నాగలి దిగినంత మేర’ అని చెప్పి రండి. జేజినాయనలాంటి వాళ్లు మీసం అనవసరంగా దువ్వుకోరు.

చిత్తగించవలెను.
ఇట్లు,
ఉపరితలంలో ఉన్నవాడు

తా.క.: రాత్రి వాన పడింది. పొద్దున చేలో ఎవరో నడుం వంచి తిరుగుతున్నారు. కేకేద్దామని దగ్గరికి పోతే మా ఆవిడ.