డచ్చివాళ్ళకు నవ్వూ రాదు, పెట్టే చెయ్యీ లేదన్న మాట అబద్ధం

నెదర్లాండ్స్‌కి చదువుకో ఉద్యోగానికో బయల్దేరే మనవాళ్ళ మధ్య ఒక మాట తెగ తిరుగుతోంది. "డచ్చివాళ్ళు పరమ పిసినారులు, ఎవరి బిల్లు వాళ్ళే కట్టుకోవడాన్ని ఇంగ్లీషులో 'గోయింగ్ డచ్' అనడం అందుకే పుట్టింది. కాఫీతో ఒక్క బిస్కెట్ ఇచ్చి డబ్బా మూసేస్తారు. భోజనం వేళకి వెళ్తే పొమ్మంటారు. పుట్టినరోజున కుర్చీలు గుండ్రంగా వేసుకుని బిగుసుకుని కూర్చుంటారు. హాస్యం వాళ్ళ ఒంట్లోనే లేదు." ఇదీ సారాంశం. బిస్కెట్ నిజమే, కుర్చీలూ నిజమే. వాటికి చెప్పిన అర్థాలే తప్పు.

ముందు ఆ ఇంగ్లీషు మాట సంగతి. 1652కీ 1674కీ మధ్య ఇంగ్లండు, హాలండు సముద్ర వ్యాపారం కోసం మూడు యుద్ధాలు చేశాయి. ఆ పగతో ఇంగ్లీషులో 'డచ్' అన్న ముక్క ఎగతాళి మాటలకు తగులుకుంది. తాగితే వచ్చే ధైర్యానికి 'డచ్ కరేజ్' అన్న పేరు అలాంటిదే. 'గోయింగ్ డచ్' అయితే ఇంకా చాలా తర్వాతది. 19వ శతాబ్దపు అమెరికాలో పుట్టిన 'డచ్ ట్రీట్' వెనకాలే వచ్చింది. డచ్ భాషలో ఆ మాటే లేదు, ఎవరిది వాళ్ళు కట్టుకుందాం అని మామూలుగా చెప్పుకుంటారు. పక్కవాడు తిట్టిన తిట్టును వీళ్ళ స్వభావానికి సాక్ష్యంగా చూపించడం అన్యాయం.

డబ్బు లెక్క మాత్రం పక్కాగా ఉంటుంది. 2016లో ఏబీఎన్ ఆమ్రో బ్యాంకు తెచ్చిన 'టిక్కీ' యాప్‌తో భోజనం ఖర్చు పంచుకుని ఫోన్‌కి లింకు పంపుతారు. వస్తే ఆ రోజే కట్టేయడం మర్యాద. కానీ ఎదుటివాళ్ళు 'ఇక్ ట్రాక్టేర్' అన్నారంటే ఖర్చంతా వాళ్ళదే, మీకు లింకు రాదు. కేఫేలో గుంపుగా కూర్చుంటే ఒకరి తర్వాత ఒకరు అందరికీ రౌండు చెప్తారు. తాగి తన వంతు రాకముందే లేచిపోయేవాణ్ణి గుర్తుపెట్టుకుంటారు. ఇక పిసినారితనం అంటారా, విపత్తులొస్తే సహాయ సంస్థలన్నీ కలిసి తెరిచే 555 నంబరు ఖాతా ఉంది. 2004 సునామీకి ఆ ఒక్క ఖాతాకే 20 కోట్ల యూరోలకు పైగా వచ్చాయి.

భోజనం సంగతి. సాయంత్రం ఆరు గంటలకల్లా బల్ల దగ్గర కూర్చునే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. పాతకాలపు వంట మూడు భాగాలు: బంగాళాదుంపలు, మాంసం, కూరగాయలు. దుంపలు మనిషికి మూడో నాలుగో లెక్కపెట్టి వేస్తారు, మాంసం ఉండ మనిషికొకటి. మన ఇంట్లో అయితే చారు కాస్త పెంచి ఇంకో విస్తరి వేసేస్తాం. అక్కడ నలుగురికి నాలుగు ఉండలు చేసినచోట ఐదోది ఎక్కణ్ణుంచి తెస్తారు? అందుకే "మేం భోజనానికి కూర్చోబోతున్నాం" అంటారు. ఉన్న మాట చెప్పడమే అది, అవమానం కాదు. ఒకరోజు ముందు మెసేజ్ పెడితే మీ వాటా కూడా లెక్కలో చేరుతుంది.

పుట్టినరోజు దగ్గర మనవాళ్ళు ఎక్కువ పొరబడతారు. ఆఫీసులో పుట్టినరోజువాళ్ళే కేకు తెచ్చి అందరికీ పెట్టాలి. సహోద్యోగులు తెస్తారని ఎదురుచూసి, ఎవరూ తేలేదని నొచ్చుకోవడం కొత్తవాళ్ళకి మామూలే. లింబుర్గ్ ప్రాంతపు పండ్ల కేకు 'వ్లాయ్'ని సాధారణంగా 12 ముక్కలు చేస్తారు, కాబట్టి తలలు లెక్కపెట్టి కొనండి. ఇంటికి పిలిస్తే ఆ గుండ్రటి వరసలో ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి 'ఖెఫెలిసిటేర్ట్' (అభినందనలు) అనాలి, పుట్టినరోజువాళ్ళ అమ్మకి, అన్నకి, భర్తకి కూడా. సంతోషం ఇంటిల్లిపాదిదీ అని దానర్థం. ముందు కాఫీ, కేకు, తర్వాత చీజ్ ముక్కలు, వేయించిన బిటర్‌బాలెన్ వస్తాయి. పైన కరకరలాడినా లోపలి మాంసం ముద్ద సలసల కాగుతుంటుంది, రెండుగా విరిచి ఆరనివ్వండి. తేదీలు మరిచిపోకుండా వారాలు లేని పుట్టినరోజు క్యాలెండరును టాయిలెట్ గోడకు తగిలిస్తారు. రోజూ కళ్ళపడేది అక్కడే మరి.

హాస్యం లేదన్నది అన్నిటికన్నా పచ్చి అబద్ధం. డిసెంబర్ 31 రాత్రి ఒక్క మనిషి వేదికెక్కి ఏడాది రాజకీయాలను చెరిగేసే ప్రదర్శనకి దేశమంతా కూర్చుంటుంది. విమ్ కాన్ అనే హాస్య కళాకారుడు 1954లో దాన్ని రేడియోలో నిలబెట్టాడు. 1989లో అలాంటి ప్రదర్శనలోనే యూప్ వాన్ట్ హెక్ అనే మరో కళాకారుడు బక్లర్ అనే ఆల్కహాల్ లేని బీరు తాగేవాళ్ళని ఆటపట్టిస్తే జనం ఆ మాటే పట్టుకున్నారు. చివరికి 1993లో దాన్ని తయారుచేసే హైనెకెన్ కంపెనీ తన సొంత దేశంలో ఆ బీరును ఆపేసింది.

ఇళ్ళ ముందూ హాస్యం కనిపిస్తుంది. మగవాడికి 50 నిండితే 'అబ్రహామును చూశాడు' అంటారు, ఆడమనిషికైతే 'సారాను చూసింది' అని. యోహాను సువార్త 8వ అధ్యాయంలో ఏసుతో "నీకింకా యాభై ఏళ్ళు లేవు, అబ్రహామును చూశావా" అన్న వాక్యమే దీనికి మూలం. పాత ప్యాంటూ చొక్కాలో గడ్డి కుక్కి ముసలి బొమ్మ చేసి, తెల్లారేసరికి ఆ ఇంటిముందు కుర్చీలో కూర్చోబెడతారు. వీధి వీధంతా చూసి నవ్వుకుంటుంది.

ఇక డిసెంబర్ 5, కానుకలు తెచ్చే సెయింట్ నికోలస్ పేరిట జరుపుకునే సింటర్‌క్లాస్ సాయంత్రం. ఎవరు ఎవరికి కానుక ఇవ్వాలో నవంబరులో చీట్లు తీస్తారు, ధర ముందే ఒప్పుకుంటారు. కానుకను 'సుర్‌ప్రీజ' అనే తమాషా బొమ్మలో దాస్తారు. ఎప్పుడూ ఫోన్ పట్టుకుని కూర్చునేవాళ్ళకి మూరెడు పొడవు అట్టపెట్టె ఫోన్ చేసిస్తారు. కాగితపు గుజ్జుతో చేస్తే ఒకటి రెండు రోజులు ఆరాలి, తడి మీద రంగేస్తే పెచ్చులూడుతుంది. కానుకకి ముందే ప్లాస్టిక్ చుట్టండి. దాంతోపాటు అంత్యప్రాసల కవిత తప్పనిసరి. "సింట్ జాట్ టె డెంకెన్, వాట్ హై యె జౌ స్ఖెంకెన్" అని మొదలవడం అరిగిపోయిన పద్ధతి. నీకేమివ్వాలా అని సింట్, అంటే సింటర్‌క్లాస్, ఆలోచిస్తూ కూర్చున్నాడని అర్థం. ఆ తర్వాత ఏడాదంతా ఆ మనిషి చేసిన తిక్కపనులన్నీ బయటికొస్తాయి, మన పెళ్ళిళ్ళలో వియ్యాలవారి మీద పాటలు కట్టినట్టే. ఆలస్యాలు, మరుపు, వంట మాడబెట్టడం పర్వాలేదు. ఒంటి తీరు, విడాకులు, పోయిన ఉద్యోగం జోలికి మాత్రం పోకూడదు. కింద సంతకం 'సింట్' అనే ఉండాలి. అందుకున్నవాళ్ళు కానుక విప్పకముందే ఆ కవితను అందరి ముందూ గట్టిగా చదివి, రాసిందెవరో తెలిసినా సింటర్‌క్లాస్‌కే థాంక్స్ చెప్తారు.