సిలబస్ మారాలంటే హైటెక్ సిటీ దాకా ఎందుకు, ఎనుమాముల పొండ్రి

మన కాలేజీల్ల ఇండస్ట్రీ కొలాబరేషన్ ఎట్లుంటదో అందరికీ తెల్సిందే. ఓ ఎంఓయూ, రెండు శాలువాలు, గ్రూప్ ఫొటో, తెల్లారి జిల్లా పేజీల వార్త. ఏడాదికోసారి ఎవరో సార్ వచ్చి ఏఐ మీద పీపీటీ చూపెడ్తడు, వెనుక బెంచీలోళ్లు రీల్స్ చూస్తరు, అయిపాయె. 2020ల వరంగల్ కాడి మడికొండకు టెక్ మహీంద్రా, సైయెంట్ వచ్చినప్పుడు ఇగ చదువులు మారుతయనుకున్నం, ఉద్యోగాల సంగతి పక్కన పెట్టుండ్రి, క్లాస్‌రూంల ఏం మారిందో చెప్పుండ్రి.

ఇప్పటికీ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అంటే స్టూడెంట్, కోర్సు, మార్కులు అని మూడు డబ్బాలు గీసి ఈఆర్ డయాగ్రాం (డేటాబేస్‌కు గీసే నక్షా) అనుడే. ఫైనలియర్ల లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ప్రాజెక్ట్, అది గూడ పైసలిచ్చి కొనుక్కొచ్చి స్పైరల్ బైండింగ్ చేయించినదే ఎక్కువ (వైవాల అడిగేటోళ్లకు గూడ తెల్సు, అడగరు).

నేననేది ఒక్కటే. సాఫ్ట్‌వేర్ కంపెనీలోళ్లు వచ్చి నేర్పేది కోడింగ్, అది యూట్యూబ్ల గూడ దొరుకుతది. దొరకనిది సమాచారం ఎట్ల పుడ్తది, ఎవరి చేతుల్ల మారుతది, యాడ తప్పుతది అనేది. అది చూడాలంటే మిర్చి సీజన్ల వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఒక సెమిస్టర్ కూసోవాలె. పొద్దుగాల జెండా పాట (వేలం) పెడ్తరు, ఒక మంచి లాట్‌కు రేటు పలుకుతది, పేపర్ల ఆ రేటే వస్తది, కానీ తాలు ఉందని తేమ ఉందని కోసుకుంట పోతే చాలామంది రైతులకు ముట్టేది అంతకు తక్కువ. మరి డేటాబేస్ల 'ధర' అనే కాలంల ఏది రాస్తవ్ బిడ్డా? జెండా రేటా, తక్‌పట్టీల (రైతుకిచ్చే అమ్మకం చీటీల) రేటా? తేజ, వండర్ హాట్, చపాట అని మిర్చి రకాలున్నయి, అన్నిటికి ఒకే టేబుల్ సరిపోతదా? అడ్తిదారు ఖర్చులు కోసినంక రైతు చేతికొచ్చేది యాడ రాయాలె? 2016ల ఈనామ్ (పంటల ఆన్‌లైన్ మార్కెట్) వచ్చింది, స్క్రీన్ మీద అంతా సాఫ్‌గనే ఉంటది, కాంటా కాడ జరిగేది ఆ స్క్రీన్ల ఎంత పడ్తదో పోయి చూసొచ్చిన పోరడు జిందగీల మర్చిపోడు. సింగరేణి గూడ అంతే, అంత పెద్ద సంస్థ ఎస్ఏపీ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తది, మన పిల్లలు పక్క జిల్లాల ఉండి ఎస్ఏపీ కోసం అమీర్‌పేటల ఫీజులు కడ్తరు!

రూల్స్ ఒప్పుకోవు అనకుండ్రి. యూజీసీ 2022లనే ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ తెచ్చింది, 15 ఏండ్ల అనుభవం ఉంటే పీహెచ్‌డీ లేకున్నా తీస్కోవచ్చు. బిట్స్ పిలానీల ప్రాక్టీస్ స్కూల్ 1973 నుంచి నడుస్తుంది, పిల్లలు నెలల తరబడి సంస్థల్ల పనిజేస్తరు, దానికి క్రెడిట్లు ఉంటయి.

యూనివర్సిటీని కంపెనీలకు ట్రైనింగ్ సెంటర్ చేస్తరా అని కొందరు సార్లు అంటరు. ఆ భయం నిజమే, సిలబస్ కంపెనీ చేతుల పెడితే ఇయ్యాల దాని అవసరం తీరుతది, రేపు పిల్లగాడు రోడ్డు మీద పడ్తడు. కానీ అందుకేనయ్యా ఇండస్ట్రీ అంటే ఐటీ కంపెనీలే అనే లెక్క తీసెయ్యమంటున్న.

అసలు ఇది ఉద్యోగాల ముచ్చటే కాదు. భూమి రికార్డుల పోర్టల్ ధరణిని చూడుండ్రి. 2020 అక్టోబర్ 29న మొదలైంది, సాఫ్ట్‌వేర్‌గా చూస్తే స్లాట్ బుకింగ్, రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ అన్నీ ఒక్కకాడ, బాగనే ఉండె. కానీ ఊర్ల భూమి ఎట్లుంటది? సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాయితం) మీద కొనుక్కొని ఏండ్లకేండ్లు దున్నుకునేటోడు ఉంటడు, అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకున్నది ఉంటది. దున్నుకునేటోని పేరు రాసే అనుభవదారు కాలమే తీసేస్తే వాడు సిస్టంల లేనట్టే గదా. ఒక్క కాలం! నిషేధిత జాబితాల తప్పుగ పడ్డ సర్వే నంబర్ల కోసం జనం కలెక్టరేట్ల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగినయి, ఆఖరికి 2025 ఏప్రిల్ల ధరణి బదులు భూభారతి తెచ్చి ఆ కాలం మళ్ల పెడ్తమన్నరు. ఎలక్షన్లల్ల గూడ ఇదే లొల్లి నడిచింది. ఇట్లాంటి డిజైన్లు చేసేటోళ్లు చదువుకునేటప్పుడు ఒక్క పహాణీ అయినా చేతుల పట్టుకున్నరా అని నా డౌట్.

కాకతీయ యూనివర్సిటీ 1976ల పుట్టింది, చుట్టూ ఉన్న చాలా జిల్లాల్ల దాని కింద కాలేజీలున్నయి, అంటే ఎన్నో మండలాల నుంచి వచ్చిన పిల్లగాండ్లు క్లాసుల ఉన్నట్టే. ఈ ఏడు ఎంసీఏ ఫైనలియర్ ప్రాజెక్టుల్ల లైబ్రరీ మేనేజ్‌మెంట్ బంద్ పెట్టి, సగం మందిని తహసీల్దార్ ఆఫీసులకు, సగం మందిని మార్కెట్ యార్డులకు పంపుండ్రి, ఎక్స్‌టర్నల్‌గా అక్కడి సూపరింటెండెంట్‌నే పిలువుండ్రి. వైవాల ఏమడుగుతడో చూద్దాం.